గోడ దగ్గర పిలిచిన పేరు

ఆర్నెట్టా విగ్‌ఫాల్ అమెరికాలోని చార్లెస్టన్ వీధుల్లో ఇరవై రెండేళ్లుగా వెనక్కి నడుస్తోంది. వెంట వచ్చే అతిథుల మొహాలు చూస్తూ ఊరి కథ చెప్పాలి కాబట్టి, వీపు దారికీ మొహం జనానికీ పెట్టి నడవడం ఆమె వృత్తి. ఏ రాయి ఎక్కడ లేచి ఉందో, ఏ చెట్టు వేరు కాలిబాటని ఎక్కడ ఎత్తిందో ఆమె మడమలకి తెలుసు. ఇరవై ముప్పై మందిని మందలా తోలుకెళ్లే రకం కాదు. ఒక కుటుంబం, ఒక ఉదయం, రెండు గంటల నడక. వాళ్లు పెద్ద పెద్ద ఇళ్లూ, ఆ ఇళ్ల వరండాలూ చూడాలని వస్తారు. ఆ ఇళ్లు ఎవరి చేతులతో లేచాయో చెప్పడం మొదలుపెడితే చాలు, గడియారం చూసుకుంటారు. ఆర్నెట్టాకి ఒళ్లు మండేది అక్కడే.

ఆ మంటలోంచే ఆమె ఒక పిల్లని పుట్టించింది.

చర్చి వీధి నుంచి కుడికి చీలే ఒక ఇరుకు సందు ఉంది. ఎండ నడినెత్తికి వస్తే తప్ప అక్కడ నేలకి వెలుతురు తగలదు. ఆ సందులో ఒక పాత ఇంటి ప్రహరీ గోడకి నడుమెత్తున ఒక ఇటుక, దాని మీద మూడు వేళ్ల గుర్తులు ఉన్నాయి. చిన్న వేళ్లు. బానిసల కాలంలో పచ్చి ఇటుకల్ని ఎండలో తిప్పి ఆరబెట్టే పని పసిపిల్లలది. మట్టి తడి ఆరకముందే పట్టుకుంటే వేళ్లు అలాగే దిగబడిపోయేవి. అంతవరకూ నిజం. ఆ పిల్లల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, అదీ నిజమే.

పనిలో చేరిన మొదటి ఏడాది ఒక పెద్దమనిషి ఆ ఇటుక ముందు నిలబడి, ఆర్నెట్టా మొహం మీదే ఆవలించాడు. ఆమెకి నోరు ఊరుకోలేదు. "దీని పేరు బైనా, ఏడేళ్లది, మట్టి తవ్వే గుంటలో పడి పోయింది" అనేసింది. పేరూ వయసూ చావూ మూడూ అప్పటికప్పుడు ఆమె నోట్లో పుట్టినవే. ఆవలింత సగంలో ఆగింది. ఆయన భార్య కళ్లు తుడుచుకుంది. మర్నాడు కూడా ఆర్నెట్టా అదే చెప్పింది. ఆ తర్వాత చెప్పకుండా ఒక్క రోజూ లేదు.

కథకి ముగింపు కూడా ఒకటి కావలసి వచ్చింది. దానికి ఆమె ఇంట్లో సొమ్మే తెచ్చి వాడుకుంది. సముద్రం ఒడ్డు దీవుల్లో పుట్టి పెరిగిన ఆమె మనుషులకి ఒక అలవాటు ఉంది. పసిపిల్లతో ఎక్కడికైనా వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు, ఆ చోటు విడిచే ముందు ఆ పిల్లని పేరు పెట్టి పైకి పిలవాలి. రా, ఇంటికి పోదాం అనాలి. పసిదాని ప్రాణం ఆటలో పడి అక్కడే ఎక్కడో తచ్చాడుతుంటుంది. పిలవకపోతే ఒళ్లు ఇంటికొస్తుంది, ప్రాణం అక్కడే ఉండిపోతుంది. ఆర్నెట్టాని వాళ్ల అమ్మమ్మ అలాగే పిలిచేది. ఆర్నెట్టా తన కూతుర్ని అలాగే పిలిచింది. ఇప్పుడు మనవరాలిని పిలుస్తుంది. గోడ దగ్గర అతిథులందరి చేతా ఆ గుర్తుల్లో వేళ్లు పెట్టించి, చివర్లో గొంతు తగ్గించి, "రా బైనా, ఇంటికి పోదాం" అని పిలిచేది. అని అటు తిరిగి వెళ్లిపోయేది. జనం చేతులు నిమురుకుంటూ వెంట నడిచేవాళ్లు. ఊళ్లో మిగతా గైడ్లు ఆ కథ ఎత్తుకుపోవడానికి రెండేళ్లు కూడా పట్టలేదు.

ఆ ఆగస్టులో ఆమె కూతురు రోషెల్, ఆసుపత్రిలో నర్సు, శిక్షణ కోసమని రెండు వారాలు అట్లాంటా వెళ్లింది. ఏడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలింది. ఆ పిల్ల బడిలో కెజాయా. ఇంట్లో మాత్రం కూటా. వాళ్లలో ప్రతి బిడ్డకీ ఇంకా బుట్టలో పడుకుని ఉండగానే ఇంటివాళ్లు పెట్టే ముద్దుపేరు ఒకటి ఉంటుంది, బయటివాళ్లకి అది తెలియదు. కూటా అంటే వాళ్ల మాటలో తాబేలు. ఏ పనికైనా ఆఖరున వచ్చేది కాబట్టి ఆ పేరు. నోరు మాత్రం అందరికంటే ముందుండేది. అమ్మమ్మ వెనక్కి నడుస్తుంటే ఎదురుగా నిలబడి, "అమ్మమ్మా, పడతావు చూస్కో, నీకు వెనక కళ్లున్నాయా ఏంటి?" అని అతిథుల ముందే వెక్కిరించేది. అలాంటి పిల్లని ఇంట్లో ఒక్కదాన్నే ఉంచలేక ఆర్నెట్టా రోజూ వెంట తెచ్చుకునేది.

ఆ మంగళవారం వచ్చిన కుటుంబంలో తండ్రికి ఫోన్లో వీడియో తీసే పిచ్చి. గోడ దగ్గర మొదటిసారి పిలిచినప్పుడు సరిగ్గా రాలేదట, ఇంకోసారి పిలవమన్నాడు. రెండోసారి ఎవరిదో సైకిల్ అడ్డం వచ్చింది. మూడోసారి ఆమె వెంట ఉన్న పాపని కూడా పక్కన నిలబెట్టుకుని పిలిస్తే బాగుంటుందన్నాడు. కూటా అప్పటికే గోడకి అతుక్కుని, ఆ మూడు గుర్తుల్లో తన మూడు వేళ్లు పెట్టి, సరిగ్గా సరిపోయాయని మురిసిపోతోంది. ఆర్నెట్టా ఆ పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది. ఫోన్ వైపు చూసింది. "రా బైనా, ఇంటికి పోదాం" అంది. అని, ఆ చెయ్యి పట్టుకునే నడిచింది. కూటాని పిలవలేదు. ఏడేళ్లలో అది మొదటిసారి.

దారిలో పిల్ల మాట్లాడలేదు. ఎండ దెబ్బేమో అనుకుంది ఆర్నెట్టా. ఇంటికొచ్చాక రొయ్యలేసిన బెండకాయ పులుసూ అన్నం పెడితే, పళ్లెం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా, ఎవరో లాక్కుపోతారన్నట్టు తినేసింది. రొయ్యలు ఏరి పక్కన పెట్టే పిల్ల రొయ్యల తోకలు కూడా మిగల్చలేదు. "కూటా" అని పిలిస్తే తిరిగి చూడలేదు. అలిగిందిలే అనుకుంది. "కెజాయా" అంటే కూడా చూడలేదు. సాయంత్రం పిల్ల పెరట్లో కొళాయి దగ్గర మట్టి పిసుకుతుంటే, పోనీలే ఆడుకుంటోంది కదా అని వదిలేసింది.

చీకటి పడకముందు లోపలికి తీసుకురావడానికి వెళ్లి, ఆర్నెట్టా మెట్ల మీదే ఆగిపోయింది. పెరడు నిండా పచ్చిమట్టి ఇటుకలు ఉన్నాయి. బారులు బారులుగా, ఒకదానికొకటి రెండు వేళ్ల ఎడంలో, కొలిచి కోసినట్టు ఉన్నాయి. ఏ పిల్లా ఆటలో అలా చెయ్యదు. ఏడేళ్ల పిల్ల వంగి, మొదట్లో చేసిన వాటిని రెండు చేతుల్తో పక్కకి తిప్పుతోంది. తిప్పిన ప్రతి దాని మీదా మూడు వేళ్లు దిగబడ్డాయి.

ఆ రాత్రి ఆర్నెట్టాకి నిద్ర ఎక్కడిది. తెల్లవారకముందు కాస్త కన్ను మూతపడి, మళ్లీ తెరిచేసరికి పిల్ల మంచం పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. చేతులు ముందుకి కట్టుకుని, కళ్లు నేల మీద పెట్టి ఉంది.

"ఇయాల ఎన్ని తిప్పాలి?" అంది.

గొంతు కూటాదే. ఆ గొంతులో భయం మాత్రం కూటాది కాదు. ఆర్నెట్టా లేచి కూర్చుని, ఎవరి పిల్లవి తల్లీ అని అడిగింది.

"నువ్వే పిలిచావు గదా" అంది పిల్ల. "రోజూ పిలుస్తావు. పిలిచి ఎల్లిపోతావు. నిన్న నీ చేతిలో చెయ్యుంది. అందుకని రాగలిగాను."

సముద్రం గాలికి కిటికీ తెర లేస్తోంది, పడుతోంది. ఆర్నెట్టా ఆ పిల్ల మొహంలో మనవరాలి కోసం వెతికింది. ముక్కు పక్క మచ్చ ఉంది, మొన్న ఊడిన పన్ను సందు ఉంది. చూసే మనిషి లేదు. తన కూతురు కన్నబిడ్డ ఇప్పుడు ఎక్కడుందో ఆమెకి చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఆ సందులో, ఆ గోడ పక్కన, రాత్రంతా ఒక్కతే నిలబడి ఉంది. ఆ ఊహకి ఆర్నెట్టా నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది.

తెల్లవారగానే పిల్లని తీసుకుని బజారుకి వెళ్లింది. అక్కడ ఆమె పెద్దమ్మ ఎవలీనా గడ్డి బుట్టలు కుడుతుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. అరగదీసిన చెంచా కాడతో గడ్డిలోకి గుచ్చి తాటాకు లాగుతుంటే, కొనడానికి వచ్చినవాళ్లు మాట్లాడటానికి జంకుతారు. ఆమె పిల్లని ఒక్కసారి చూసి చెంచా ఒళ్లో పెట్టేసింది. జరిగింది ఆర్నెట్టా దాచకుండా చెప్పింది. ఇరవై రెండేళ్లుగా ఏం చేస్తోందో మొదటిసారి పెద్దమ్మకి చెప్పుకోవలసి వచ్చింది.

"పిలిచి వదిలేశావా?" అంది ఎవలీనా. "ఒసేయ్, కుక్కని పిలిచినా ముద్ద పడెయ్యాలే. పిల్లని పిలిచి, ఇంటికి రమ్మని, ఈపు చూపించి పోతావా? అదీ రోజూనా?"

"కథే అనుకున్నా పెద్దమ్మా. నేను పుట్టించిందే అనుకున్నా."

"ఆ ఏలిగుర్తులు నువ్వు పుట్టించావా? ఆ గుర్తులు పెట్టిన పిల్లని నువ్వు పుట్టించావా?" ఎవలీనా గొంతు పెంచలేదు. "నువ్వు పుట్టించింది ఆ పేరొక్కటే."

ఇప్పుడు నా పిల్లని నేనెలా తెచ్చుకోవాలి, రోషెల్‌కి ఏ మొహం చూపించాలి అని ఆర్నెట్టా ఆమె మోకాళ్లు పట్టుకుంది. ఎవలీనా చెప్పింది ఇంత. ఉత్తినే వెళ్లి కూటాని పిలిస్తే అది రాదు, దాని చోట్లో వేరొకరు కూర్చుని ఉన్నారు. ముందు ఈ పిల్ల లేవాలి. తోలితే లేవదు, జన్మంతా తోలించుకున్న పిల్ల అది. వాళ్లమ్మ పెట్టిన పేరుతో పిలిచి, నిజంగా ఒక ఇంటికి రమ్మనాలి. ఆలస్యం చేస్తే మాత్రం గోడ దగ్గరున్నది కూడా తన పేరు మర్చిపోతుంది. ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోవడం నేర్చుకుంటుంది. ఇంత చెప్పి, ఎవలీనా పిల్ల వైపు తిరిగి, "ఏవమ్మా, ఆకలేస్తందా" అని తన సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చింది. పిల్ల అది రెండు చేతుల్తో అందుకుంది.

సందు మొదట్లో ఆర్నెట్టా బండి ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చుంది. వేలమంది ముందు నోటికొచ్చింది చెప్పిన మనిషికి ఒక్క మాట అడగటానికి నోరు రాలేదు. చివరికి, నీ పేరేంటమ్మా అని అడిగింది.

పిల్ల ఉలిక్కిపడింది. "నువ్వు పెట్టావుగా."

"నేను పెట్టింది కాదు. మీ అమ్మ ఏవని పిలిచేది?"

పిల్ల పెదాలు కదిలించి చూసుకుంది. అటకమీద పారేసిన వస్తువు వెతుకుతున్నట్టు మొహం పెట్టింది. తర్వాత సీటు మీద మోకాళ్లు పెట్టి లేచి, ఆర్నెట్టా చెవి దగ్గర ఆ పేరు చెప్పింది. ఊపిరి తడిమట్టి వాసన వేసింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరంతా చెప్పుకోవడానికి ఒక పేరుంది, అది చాలు.

సందులోకి నడిచేసరికి గోడ దగ్గర అప్పటికే మనుషులున్నారు. బ్రాంట్లీ అని ఒక కుర్ర గైడు, ఆరేడు నెలలుగా ఈ పనిలో ఉన్నాడు. ఎదురుగా తల్లీ తండ్రీ ఇద్దరు మగపిల్లలూ ఉన్నారు. పిల్లల వేళ్లు ఇటుకలో పెట్టించేశాడు. మట్టి గుంటలో పడటం దాకా వచ్చేశాడు. ఆర్నెట్టా మాటలే, ఆర్నెట్టా ఆగే చోటే ఆగి, ఆర్నెట్టా తగ్గించినట్టే గొంతు తగ్గించి, "రా బైనా, ఇంటికి పోదాం" అన్నాడు. అని అటు తిరిగాడు.

ఆర్నెట్టా చేతిలోంచి పిల్ల చెయ్యి జారిపోయింది. పిల్ల అతని వెనకే నడుస్తోంది. తల వంచుకుని, తొందర లేకుండా, వెళ్లాలి కాబట్టి వెళుతున్నట్టు వెళుతోంది. ఆర్నెట్టాకి పరిగెత్తి ఒడిసి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఒళ్లు దొరుకుతుంది, అంతే. ఆమె ఉన్నచోటే నిలబడి, బండిలో విన్న పేరు పెట్టి పైకి పిలిచింది.

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది. ఆ పేరు ఆ ఊళ్లో మనిషి నోట వినపడి ఎన్నేళ్లయిందో.

"మా ఇంటికి రా" అంది ఆర్నెట్టా. "చోటుంది. ఇటుకలు తిప్పక్కర్లేదు. ఊరికే ఉండచ్చు."

పిల్ల ఆమెని చూసింది, నమ్మచ్చా అన్నట్టు చూసింది. అతిథుల్లో తల్లి భర్త చెయ్యి పట్టుకుంది. పిల్ల కళ్లు మెల్లగా మూతపడ్డాయి, మోకాళ్లు వంగాయి, కెజాయా ఒళ్లు ఉత్త బట్టల మూటలా కాలిబాట మీద కూలబడింది. ఆర్నెట్టా వెళ్లి ఆ తల ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లు ఎండలో ఉన్న రాయిలా వేడిగా ఉంది, ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. గోడ వైపు చూసి, కూటా, రా, ఇంటికి పోదాం అంది. ఏమీ జరగలేదు. మళ్లీ పిలిచింది. గోడ మీద ఎండ పడింది, అక్కడ ఇటుకలు తప్ప ఏమీ లేవు. మూడోసారి పిలుస్తుంటే ఆమెకి గొంతు పగిలింది. కథకోసం తగ్గించే గొంతు కాదది. సందంతా వినపడేలా, పొయ్యి మీద అన్నం మాడుతుంటే పెరట్లో పిల్లని కేకేసినట్టు, "కూటా, వస్తావా రావా" అని అరిచింది.

ఒళ్లో పిల్ల ఎగిరిపడి ఊపిరి తీసింది. కళ్లు తెరిచి, అమ్మమ్మని గుర్తుపట్టి, రెండు పిడికిళ్లతో గుండెల మీద గుద్దింది.

"ఇక్కడే ఉన్నా గదా. ఎంతరిచానో తెల్సా? నువ్వు నా మొహంలోకి చూసే వేరేవాళ్లని పిలిచావు."

ఆర్నెట్టా పిల్లని పొట్లంలా చుట్టుకుని కాలిబాట మీద కూర్చుండిపోయింది. ఇంతలో చప్పట్లు వినపడ్డాయి. అతిథులు చప్పట్లు కొడుతున్నారు. బ్రాంట్లీ దగ్గరకొచ్చి వంగి, "ఆర్నెట్టా గారూ, ఇది కొత్తగా కలిపారా? అదిరిపోయిందండీ" అన్నాడు.

అదంతా అబద్ధం బాబూ, ఆ పేరు నా నోట్లో పుట్టింది, ఇంకెప్పుడూ అక్కడ ఎవర్నీ పిలవకు అని ఆమె అతనికి ఆ పూటే చెప్పింది. తర్వాత ఒక్కొక్క గైడు దగ్గరికీ వెళ్లి చెప్పింది. కొందరు మానేశారు. ఎక్కువమంది నవ్వి ఊరుకున్నారు, కథ బాగా నడుస్తోంది మరి. ఆ గోడ దగ్గర ఇప్పుడు పలికేవాళ్లు ఎవరూ లేరని ఆర్నెట్టా తనకి తాను చెప్పుకుంటుంది. వేలి గుర్తులున్న ఇటుకలు ఊళ్లో ఇంకెన్ని ఉన్నాయో మాత్రం ఆలోచించదు. తన నడకల్లో ఆ సందు తీసేసింది.

కూటా ఆ సంగతి మళ్లీ పెద్దగా ఎత్తలేదు. ఆ రాత్రి అక్కడ భయమేసిందా అని అడిగితే, ఒక్కదాన్నే ఉన్నా గదా, వెయ్యదా అంది. రెండు రోజులు ముభావంగా ఉంది, మూడో రోజు నుంచి మళ్లీ రొయ్యలు ఏరి పక్కన పెట్టడం మొదలెట్టింది. అలా పక్కన పెట్టినవి కాసేపటికి పళ్లెంలో ఉండేవి కావు. ఆర్నెట్టా చూసీ చూడనట్టు ఊరుకునేది. మాట ఇచ్చింది, ఇంటికి రమ్మంది. భయం వేసేది, వెయ్యలేదంటే అబద్ధం. స్నానాల గదిలో తడిమట్టి వాసన వేసినప్పుడు ఆమె గుమ్మంలోనే ఆగిపోయేది. అయినా మూల గదిలో మంచం మీద కొత్త దుప్పటి పరిచింది.

రెండో ఆదివారం రోషెల్ తిరిగొచ్చింది. బస్ స్టేషన్‌లో కూతుర్ని ఎత్తుకుని ముద్దులాడి, పెట్టెలు బండిలో వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆర్నెట్టా బండి ఎక్కే ముందు అలవాటు ప్రకారం తలుపు పట్టుకుని నిలబడి, "కూటా, రా, ఇంటికి పోదాం" అంది. ఆ వెంటనే ఇంకో పేరు పిలిచింది.

అదెవరు, చుట్టాల పిల్లలెవరైనా వచ్చారా అని రోషెల్ నవ్వుతూ వెనక్కి తిరిగింది. వెనక సీట్లో కూటా ఒక్కతే ఉంది. అవతలి వైపు తలుపు బార్లా తీసి పెట్టి ఉంది.

"ఉండమ్మా, రానీ" అంది కూటా. "దానికింకా పిలిస్తే రావడం అలవాటు లేదు."

ఎండలో బస్సులు పొగ కక్కుతున్నాయి. రోషెల్ తల్లి మొహం చూసింది. నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆర్నెట్టా తొందర చెయ్యకుండా అలాగే నిలబడింది. కాసేపటికి కూటా సీటు మీద ఇవతలికి జరిగి చోటిచ్చింది. అవతలి తలుపు దానంతటది మూసుకున్నాక ఆర్నెట్టా ఎక్కి బండి తీసింది.